బాణం ములికి నుంచి తూటా దాకా: మన వేట చరిత్ర

చైత్రంలో ఇటుకల పండుగకు ఇళ్లకు వెళ్లిన పిల్లలు హాస్టలుకు తిరిగి వచ్చేటప్పుడు వేట కబుర్లు మోసుకొస్తారు. ఈ మధ్య తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఫోనులో విదేశీ వీడియో చూసి, "మేడం, జింకకు ఏ తూటా వాడాలని వీళ్లు ఇంతసేపు మాట్లాడుకుంటారెందుకు? తగిలితే చాలదా?" అని అడిగాడు. మేము కసురుకోబోయి ఆగాం. అది మంచి ప్రశ్న. దాని జవాబులో మన చరిత్ర కూడా ఉంది.

మన తాతలకు ఈ లెక్క తెలుసు. పిట్టకు మొద్దు కొయ్య ములికి, పెద్ద జంతువుకు వెడల్పాటి ఇనుప ములికి. పదునైన అంచు లోతుగా కోస్తే నెత్తురు జాడ పడుతుంది, జంతువు త్వరగా కూలుతుంది. గాయంతో తప్పించుకుపోతే అది అడవిలో ఎక్కడో బాధపడి చస్తుంది, ఊరికి మాంసమూ దక్కదు. తరువాత వచ్చిన నాటు తుపాకీలో సీసపు గుండు వేసేవారు. సీసం మెత్తన, తగలగానే చదునవుతుంది.

1880లలో పొగరాని మందు వచ్చింది. తూటా వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి వట్టి సీసం నిలవదు కాబట్టి పైన గట్టి లోహపు తొడుగు వేశారు. ఈ తొడుగు తూటా ఒంట్లోంచి సూటిగా దూసుకుపోయి సన్నని రంధ్రమే మిగులుస్తుందని 1895 చిత్రాల్ యుద్ధం తరువాత బ్రిటిష్ సైనికులు ఫిర్యాదు చేశారు. అప్పుడు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తొడుగు ముక్కు తీసేసి, లోపలి సీసం బయటికి కనిపించేలా తూటా చేశారు. తగలగానే అది పువ్వులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. మనిషి మీద ఇది మరీ క్రూరమని 1899 హేగ్ సమావేశం యుద్ధంలో ఇలాంటి తూటాలను నిషేధించింది.

వేటలో మాత్రం లెక్క తిరగబడింది. ఇంగ్లండులో జింకను కాల్చాలంటే ముక్కు మెత్తగానో బోలుగానో ఉన్న తూటాయే వాడాలని 1991 జింకల చట్టం చెబుతుంది. తూటా గుండె, ఊపిరితిత్తుల దాకా దిగాలి, అక్కడ విచ్చుకోవాలి, జంతువు వెంటనే పడిపోవాలి. మన ములికి వెనకున్న ఆలోచనే ఇది. అయితే సీసం తునకలు మాంసంలో మిగిలి, కళేబరాలు తినే రాబందులను చంపుతున్నాయని కాలిఫోర్నియా 2019లో వేటకు సీసపు తూటాలనే నిషేధించింది.

మరి మన దగ్గర ఏం జరిగింది? 1878 ఆయుధాల చట్టం తుపాకీకి లైసెన్సు కావాలంది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో వేటను కట్టడి చేసింది. దొరలు సరదాకు కాలిస్తే షికారు, మనవాళ్లు తిండికి కొడితే నేరం. అడవి మీద ఈ ఆంక్షలూ, వెట్టి చాకిరీ కలిసే మన్యాన్ని రగిల్చాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయింది. అవి జింకల కోసం కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలతో జింకల వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం భూమికీ, అటవీ ఫలసాయానికీ హక్కు ఇచ్చింది కానీ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. ఇది న్యాయమా అని అడిగే హక్కు మీకుంది. గ్రామసభలో అడగండి.

కానీ ఒక మాట వినండి. రాత్రిపూట కరెంటు తీగలు పరచడం, నాటు బాంబులు పెట్టడం మన ఆచారం కాదు. తీగకు జింక, పశువు, మనిషి తేడా తెలియదు. వాటికి మనుషులు బలైన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒక్క కేసు పడితే ఉద్యోగం ఆశ పోతుంది, ఇల్లు అప్పుల పాలవుతుంది.

ఆ అబ్బాయికి మేము ఒక పని చెప్పాం. ఈసారి సెలవుల్లో తాత దగ్గర కూర్చుని, ఏ ములికి దేనికి వాడేవారో, వాటిని ఎవరు చేసేవారో, మాంసం వాటాలు ఎలా వేసేవారో అడిగి, బొమ్మలు గీసుకు రమ్మన్నాం. మీరూ అడగండి. ఆ సంగతులు చెప్పగల పెద్దలు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు.