పాత పత్రికల్లో మిస్ జోకిమ్ కుటుంబం

సింగపూర్ జాతీయ పుష్పం ఒక ఆర్కిడ్. దాని పేరు వాండా మిస్ జోకిమ్. ఆ పేరులో రెండు వేర్వేరు చరిత్రలు కలిసి ఉన్నాయి. 'వాండా' అన్నది సంస్కృతంలోని 'వందా' శబ్దమే. ఇతర వృక్షాలను ఆశ్రయించి పెరిగే మొక్కలకు పూర్వులు పెట్టిన పేరది. తెలుగువారు బదనిక అనేదీ ఆ కోవలోనిదే. పద్దెనిమిదవ శతాబ్ది చివర సర్ విలియం జోన్స్ ఆ మాటను పాశ్చాత్య వృక్షశాస్త్రానికి పరిచయం చేశాడు. ఇక 'మిస్ జోకిమ్' ఎవరు? ఈ పువ్వును ఆమె సృష్టించిందా, లేక తన తోటలో చూసిందా? ఈ ప్రశ్న చుట్టూ చాలాకాలం వివాదం నడిచింది. అది తేలడానికి పాత పత్రికలు ఎంతగానో తోడ్పడ్డాయి.

ఆమె అసలు పేరు అష్ఖెన్ హోవాకిమియన్. ఆర్మేనియన్ వర్తకుడు పార్సిక్ జోకిమ్, యురేలియా దంపతుల పదకొండుమంది సంతానంలో ఒకరు. 1854లో సింగపూర్‌లో పుట్టింది. లోకానికి ఆగ్నెస్‌గా తెలుసు. 1872లో తండ్రి మరణించాక, పెద్ద కూతురిగా తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ పెంచడంలో తల్లికి చేదోడుగా నిలిచింది. వివాహం చేసుకోలేదు. తమ్ముళ్ళలో ఒకరైన జోకిమ్ పార్సిక్ జోకిమ్ పేరుపొందిన న్యాయవాది, శాసనమండలి సభ్యుడు. తంజోంగ్ పగార్ ప్రాంతంలోని వారి ఇంటి తోటలోనే ఈ పువ్వు కథ మొదలయింది.

సింగపూర్ ఆర్మేనియన్ల చరిత్రను పత్రికల్లో వెతకడంలో ఒక ఔచిత్యం ఉంది. 1845 జులై 15న వెలువడిన స్ట్రెయిట్స్ టైమ్స్ తొలి సంచిక వెనుక ఉన్నవాడు కాచిక్ మోజెస్ అనే ఆర్మేనియన్ వర్తకుడు. దివాలా తీసిన మిత్రుడి ముద్రణ యంత్రాన్ని కొని, రాబర్ట్ కార్ వుడ్స్ సంపాదకుడిగా పత్రికను ప్రారంభించాడు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1794లో, ప్రపంచంలోని మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' మద్రాసులో అచ్చయింది. దేశం కాని దేశంలో కొద్దిమందిగా బతికే జాతికి అచ్చు అక్షరం విలువ బాగా తెలుసునేమో!

ఆనాటి స్థానిక పత్రికల్లో ఒక కుటుంబం ఎక్కడెక్కడ కనబడుతుంది? ఓడ ప్రయాణికుల జాబితాల్లో, జనన మరణ ప్రకటనల్లో, వేలం నోటీసుల్లో, కోర్టు వార్తల్లో, పుష్ప ప్రదర్శనల బహుమతి పట్టికల్లో. ఇవేవీ చరిత్ర కోసం రాసినవి కావు. విశ్వసనీయత కూడా అందువల్లనే. వంకాయకో గులాబీకో వచ్చిన బహుమతిని అబద్ధంగా అచ్చువేయవలసిన అవసరం ఎవరికీ ఉండదు. నేడు సింగపూర్ నేషనల్ లైబ్రరీ బోర్డు ఈ పాత సంచికలను అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచింది. అయితే వెతికేవారికి ఆనాటి మర్యాదలు తెలిసి ఉండాలి. విక్టోరియా యుగపు ఆచారం ప్రకారం ఇంట్లో పెళ్ళికాని పెద్ద కూతురు ఇంటిపేరుతోనే 'మిస్ జోకిమ్'. చెల్లెళ్ళకు మాత్రం సొంత పేరు కూడా చేర్చాలి. 'ఆగ్నెస్' అని మాత్రమే వెతికితే ఆమె అంతగా దొరకదు. 'మిస్ జోకిమ్', 'మిసెస్ జోకిమ్' అని వెతికితే ఏటేటా బహుమతులు గెలుచుకున్న కూతురూ తల్లీ ఇద్దరూ కనబడతారు.

1893లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ అధిపతి హెన్రీ రిడ్లీ లండన్‌లోని గార్డెనర్స్ క్రానికల్‌లో ఈ కొత్త ఆర్కిడ్‌ను లోకానికి ప్రకటించాడు. ఉద్యానకళలో పేరున్న మిస్ జోకిమ్ రెండు వాండా జాతులను సంకరం చేసి దీనిని సాధించిందని స్పష్టంగా రాశాడు. తరువాతి రచనల్లోనూ ఆ మాట మార్చలేదు. 1899లో జరిగిన పుష్ప ప్రదర్శనలో అత్యంత అరుదైన ఆర్కిడ్‌గా ఆ పువ్వుకు ప్రథమ బహుమతి వచ్చింది. అప్పటికే ఆమె క్యాన్సర్‌తో బాధపడుతోంది. ఆ ఏడాది జులై 2న కన్నుమూసింది.

1981 ఏప్రిల్ 15న సాంస్కృతిక మంత్రి ధనబాలన్ ఈ పువ్వును జాతీయ పుష్పంగా ప్రకటించాడు. ఆ తరువాత మరో కథ బలపడింది: ఒకనాటి ఉదయం ఆమె తోటలో తిరుగుతూండగా వెదురు పొదలో ఈ పువ్వు కనబడిందని. విచిత్రమేమంటే, ఈ మాట చెప్పినవారు ఆ కుటుంబపు బంధువే. సంకరం చేసినది తుమ్మెదలే తప్ప ఆమె కాదని కొందరు శాస్త్రజ్ఞులు కూడా వాదించారు. సొంత ఇంటి జ్ఞాపకమే ఇంటి ఆడపడుచు చేతిలోని పనిని యాదృచ్ఛికంగా మార్చివేసింది.

ఆర్మేనియన్ల చరిత్రను 'రెస్పెక్టెడ్ సిటిజెన్స్' (2003) అనే గ్రంథంగా రాసిన నాడియా రైట్ ఈ కథను అంగీకరించలేదు. ఆమె పత్రికలనూ, సమకాలీన పత్రాలనూ ముందుంచింది. పత్రికల సాక్ష్యానికి పరిమితి ఉంది: పుప్పొడిని ఎవరి వేళ్ళు అంటించాయో బహుమతి పట్టిక చెప్పదు. కాని ఆమె ఏళ్ళ తరబడి సాధన చేసిన నిపుణురాలని చెబుతుంది. దాని పక్కన రిడ్లీ మాటను పెట్టి చూడాలి. ఆ పువ్వును స్వయంగా చూసిన శాస్త్రజ్ఞుడు, ఆమె బతికి ఉండగా, ఆమె ఊరిలోనే ఉండి రాసిన మాట అది. దాదాపు తొంభయ్యేళ్ళ తరువాత చెప్పుకున్న వెదురు పొద కథకు అంతటి బలం లేదు. వైద్యుడు ఏనాడో జరిగినదాని విషయంలో రోగి బంధువు జ్ఞాపకం కన్నా ఆనాటి కేసు షీటునే ముందు చూస్తాడు కదా!

అయితే పాత పత్రికలు అందరినీ సమానంగా చూడలేదు. జోకిమ్ కుటుంబానికి బంగళా ఉంది, తోట ఉంది, న్యాయవాదులున్నారు. కనుక పేర్లూ ఉన్నాయి. అదే కాలంలో కోరమాండల్ తీరం నుంచి మలయా తోటలకు వెళ్ళిన తెలుగు కూలీలు ఆ పత్రికల్లో చాలావరకు అంకెలుగానే మిగిలారు: ఫలానా ఓడలో ఇందరు దిగారు, ఇందరు చనిపోయారు. దక్షిణ భారతీయులందరినీ కలిపి అక్కడివారు 'క్లింగ్' అన్నారు. ఆ మాట కళింగం నుంచి వచ్చిందంటారు. రాజ్యం పేరు మిగిలింది, మనిషి పేరు మిగలలేదు. అలాంటి ఇంటి చరిత్రకు తోటల రిజిస్టర్లు, ఇంటికి రాసిన ఉత్తరాలు, ఊళ్ళో పెద్దల మాటలు ఆధారం కావాలి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలనూ ఆ దృష్టితో తిరగేయవలసి ఉంది.

2016లో సింగపూర్ ప్రభుత్వ సంస్థలు ఈ పువ్వును సృష్టించినది ఆగ్నెస్ జోకిమేనని అంగీకరించాయి. ఈలోగా వృక్షశాస్త్రజ్ఞులు ఆ పువ్వును వాండా ప్రజాతి నుంచి పాపిలియొనాంథేకు మార్చారు. సంస్కృతం నుంచి వచ్చిన మాట శాస్త్రీయ నామం నుంచి తొలగిపోయింది. హిల్ స్ట్రీట్‌లోని ఆర్మేనియన్ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఫలకం ఉంది. పువ్వు పేరులో మిస్ జోకిమ్ మాత్రం చెక్కుచెదరలేదు.