రజులా ఓడ ముచ్చట

సినిమాల్లో చూపించే యుద్ధనౌకల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దగ్గరకు జరగండర్రా, ఈ మంట ఇంకాసేపు ఉంటుంది. కూలిజనాన్ని మోసిన ఓడ సంగతి చెప్తాను. దాని పేరు రజులా. మన విశాఖ వైపు పల్లెల నుంచి మలయా తోటలకు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆ పేరు ఎప్పుడూ వినపడేది.

1926లో గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ వాళ్లు కట్టారు దాన్ని. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, బి.ఐ. కంపెనీ అనేవారు. అదే ఏడాది దానికి తోబుట్టువుగా రోహ్నా అనే ఓడ కూడా తయారైంది. రజులా ఎనిమిదిన్నర వేల టన్నుల ఓడ. నల్లటి ఒళ్లు, చుట్టూ తెల్లగీత, పొగగొట్టానికి రెండు తెల్లపట్టీలు. కేబిన్లలో వెళ్లే దొరలు కొద్దిమందే. డెక్కు మీద మాత్రం ఐదువేల మందికి పైగా ఎక్కించుకోడానికి దానికి అనుమతి ఉండేది. ఐదువేలు! మన ఊరంతా ఎక్కినా ఇంకా చోటు మిగిలేది.

మద్రాసులో బయల్దేరి నాగపట్నం, పెనాంగు, పోర్ట్ స్వెటెన్‌హామ్ మీదుగా సింగపూరు. నాగపట్నంలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరేసేది, పడవల్లో జనాన్నీ ఉల్లిపాయల మూటల్నీ చేర్చేవారు. మనవాళ్లయితే ముందు రైల్లో మద్రాసు చేరి, ఆవడిలోని కూలీల డిపోలో వంతు కోసం పడి ఉండేవారు. అటు పెనాంగు చేరాక జెరెజాక్ అనే దీవిలో దించి, మశూచి లాంటి జబ్బులేవీ లేవని తేలేదాకా కదలనిచ్చేవారు కాదు. మా పెదనాన్న అలా వెళ్లినవాడే. పేరాక్‌లో బగాన్ దాతో దగ్గర కొబ్బరితోటలో పని. అక్కడ తెలుగువాళ్లే చాలామంది ఉండేవారట. 1938లో మన సర్కారు అలా కూలీలను పంపడం ఆపేసింది గానీ, అప్పటికే వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు.

తర్వాత యుద్ధం. రజులా, రోహ్నా రెండింటినీ సైనికులను మోసే పనికి తీసుకున్నారు. 1941 డిసెంబరులో జపాను వాళ్లు మలయాలో దిగారు, 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. ఆ ఏప్రిల్ 6న మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజే బంగాళాఖాతంలో బి.ఐ. వాళ్ల మాల్డా ఓడ కూడా మునిగింది. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని మన పల్లెలకు పరిగెత్తుకొచ్చారు. పెదనాన్న నుంచి ఉత్తరం లేదు, మనియార్డరు లేదు. మూడున్నరేళ్లు! మా పెద్దమ్మను బొట్టు తీసెయ్యమన్నారట ఊళ్లో కొందరు. ఆవిడ వినలేదు. శవం చూపించండి, అప్పుడు తీస్తాను అందట.

ఇప్పుడు రోహ్నా సంగతి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా గుండె బరువెక్కుతుంది. 1943 నవంబరు 26న మధ్యధరాలో, అల్జీరియా తీరం దగ్గర, దాదాపు రెండువేల మంది అమెరికా సైనికులతో పోతోంది అది. జర్మను విమానం ఒకటి బాంబు వదిలింది. మామూలు బాంబు కాదు, రేడియోతో దారి మళ్లించి గురిచూసి కొట్టేది. అది ఓడ పక్కభాగానికి తగిలింది. 1,015 మంది అమెరికా వాళ్లతో కలిపి 1,100 మందికి పైగా పోయారు. ఓడ సిబ్బందిలో పోయిన మన దేశపు ఖలాసీలు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. బతికినవాళ్లను నోరు మెదపవద్దన్నారు. దశాబ్దాలపాటు అమెరికా జనానికే ఆ సంగతి సరిగా తెలియలేదు. కూలీలు పడుకోడానికి కట్టిన డెక్కులవి. సైనికులను మోసే పనికి వాటిని వాడుకున్నారు, వాటితోపాటు మనుషులనూ పోగొట్టుకున్నారు. అలాంటివాటిని యుద్ధచరిత్రల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు అన్యాయంగానే ఉంటుంది.

రజులా మిగిలింది. యుద్ధం ముగిశాక పాత దారికే వచ్చింది. ఆ ఓడలోనే పెదనాన్న తిరిగొచ్చాడు. మనిషి ఎండిపోయి ఉన్నాడట. సయాం నుంచి బర్మాకు జపాను వాళ్లు వేసిన రైలుమార్గానికి తోటల నుంచి కూలీలను లాక్కుపోయారు. ఎక్కువమంది తమిళులు, మనవాళ్లూ ఉన్నారు. వేలకు వేలు అడవిలోనే పోయారు. పెదనాన్న చేతివేళ్ల మీద లెక్కపెట్టి పేర్లు చెప్పేవాడు, మధ్యలో ఆగిపోయేవాడు. మేము ఇంకేం అడిగేవాళ్లం కాదు.

నేను కూడా ఎక్కాను రజులాను, పదిహేనేళ్ల వయసులో, పెదనాన్న కొడుకు దగ్గరకు వెళ్తూ. అప్పటికే దానికి ముప్ఫై ఆరేళ్లు. డెక్కు మీద చాప పరిచి, పెట్టెలు అడ్డుపెట్టుకుని హద్దు చేసుకునేవాళ్లం. రేకుపెట్టెల మీద పేరు, ఊరు తెల్లరంగుతో రాయించేవారు. ఇంజను గది పక్కన చోటు దొరికితే ఉక్క, పైన దొరికితే వానజల్లు. అన్నం రేకుపళ్లెంలో పెట్టేవారు. అలలు లేచిన రోజు ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఒక తమిళ ముసలమ్మ నాకు మిరియాల చారు పోసింది. ఆవిడ పేరు అడగడం తట్టలేదు.

ఆ కాలం తొందరగానే అయిపోయింది. 1970ల మొదట్లో చిదంబరం అనే పెద్ద ఓడ వచ్చింది, అది కూడా 1980లలో అగ్నిప్రమాదం అయ్యాక ఆగిపోయింది. ఈలోగా విమానాలొచ్చాయి. రజులాను 1973లో మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని, అండమాన్‌లోని ఒక ఊరి పేరు మీద రంగత్ అని పేరు పెట్టింది. 1974లో బొంబాయిలో ముక్కలు చేసి ఇనుముకు అమ్మేశారు. నలభై ఏడేళ్లు పనిచేసిన ఓడ.

మీ అమ్మమ్మల వైపు, తాతల వైపు మలయా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి. అటక మీద రంగు పోయిన రేకుపెట్టె ఉంటే పాతసామాన్లకు వెయ్యకండి. లోపల టికెట్టు ముక్కో, పాస్‌పోర్టో ఉంటే దాని మీది తేదీ, రేవు పేరు, ఎక్కినవాళ్ల పేరు ఒక కాగితం మీద రాసి నాకు చూపించండి.