పాత పెంకులు కొత్త ఇంటికి అరిష్టమా?

కొత్త ఇంటికి పాత సామాను వాడకూడదట. పడగొట్టిన ఇంటి ఇటుకలు, పెంకులు, పగిలిన పలకలు కొత్త గోడలోకి వస్తే వాటి వెంట పాత ఇంటి దరిద్రం కూడా వస్తుందట. ఉదయం పూట టీవీలో కనిపించే వాస్తు పండితులు చెప్పే మాట ఇది. శాస్త్రం పేరు చెప్పి మరీ చెబుతారు. సరే, వారి శాస్త్రాన్ని కాసేపు పక్కన పెట్టి, మట్టితో పనిచేసినవాళ్ళు, ఇళ్ళు కట్టినవాళ్ళు చరిత్రలో నిజంగా ఏం చేశారో చూద్దాం.

మొదట కుమ్మరి. పచ్చి మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఆవంలో కాలేటప్పుడు ఇంకొంచెం కుంచించుకుపోతుంది. ఇది అంతటా ఒకేలా జరగకపోతే కుండ బీటలు వారుతుంది. దీనికి విరుగుడును ఒకరితో ఒకరికి సంబంధం లేని జనాలు ప్రపంచంలో చాలాచోట్ల కనిపెట్టారు. పాత కుండ పెంకులను దంచి, ఆ పొడిని కొత్త మట్టిలో కలపడమే ఆ విరుగుడు. ఒకసారి కాలిన రవ్వ ఇక కుంచించుకుపోదు. పచ్చి మట్టికి అది ఎముకల గూడులా నిలబడుతుంది, లోపలి ఆవిరి బయటికి పోవడానికి దారి ఇస్తుంది, పుట్టిన బీటను ముందుకు సాగనివ్వదు. ఇంజనీర్లు ఈ పొడిని గ్రాగ్ అంటారు. పురావస్తు శాస్త్రవేత్తలు చరిత్రపూర్వ యుగపు పెంకును పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, అందులో అంతకంటే పాత పెంకుల తునకలు కనిపిస్తుంటాయి. దరిద్రం అలా అంటుకునేదే అయితే మానవజాతి వేల ఏళ్ళుగా దరిద్రంలోనే వండుకు తింటున్నట్టు లెక్క.

తరువాత తాపీమేస్త్రి. ఇటుకలు, పెంకులు దంచిన ఎర్రటి పొడిని మనవాళ్ళు సుర్కీ అన్నారు. దీన్ని సున్నంలో కలిపి గానుగ ఆడిస్తే నీటిలో కూడా గట్టిపడే అడుసు తయారవుతుంది. రోమన్లకూ ఈ సంగతి తెలుసు. క్రీ.పూ. మొదటి శతాబ్దపు విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో (ఇది మన పండితుల వాస్తు కాదు, కట్టడాల శాస్త్రం) నది ఇసుక వాడేటప్పుడు దంచి జల్లించిన కాల్చిన మట్టి పొడి మూడో వంతు కలపమన్నాడు. కారణం రసాయనికం. బంకమట్టిని సుమారు 600 నుంచి 800 డిగ్రీల వేడిలో కాలిస్తే దాని స్ఫటిక నిర్మాణంలో ఇమిడి ఉన్న నీరు పోతుంది, నిర్మాణం చెదురుతుంది. అలా చెదిరిన సిలికా, అల్యూమినా నీటి సమక్షంలో సున్నంతో కలిసి కొత్త బంధకాలను ఏర్పరుస్తాయి. అందుకే మరీ మాడి గాజులా మారిన ఇటుక కంటే, ఇల్లు కట్టడానికి పనికిరాదని పక్కన పడేసిన తక్కువ కాలిన ఇటుకే సుర్కీకి మేలు.

దీని మీద ఒక వాట్సాప్ కథ తిరుగుతోంది. మన పూర్వీకులు సిమెంటు లేకుండా ఆనకట్టలు కట్టారనీ, ఆ రహస్యం తెల్లవాళ్ళు మాయం చేశారనీ. ఆ కథకు ముల్లపెరియార్ ఆనకట్టను సాక్ష్యంగా చూపేవాళ్ళూ ఉన్నారు. 1887-1895 మధ్య దాన్ని కట్టించినవాడు జాన్ పెన్నీక్విక్ అనే బ్రిటిష్ ఇంజనీరు, వాడింది సున్నం-సుర్కీ. మాయం చేసిన రహస్యాన్ని తామే వాడుకున్నారన్నమాట! దశాబ్దాల పాటు ఊట నీటితో లోపలి సున్నం కొంత కరిగి బయటికి వచ్చింది. 1979 తరువాత కాంక్రీటుతోను, ఉక్కు కేబుళ్ళతోను దాన్ని బలపరచవలసి వచ్చింది. మంచి పదార్థమే, కానీ శాశ్వతం కాదు. కరక్కాయ, బెల్లం నీళ్ళు, గుడ్డు సొన వంటివి సున్నం గట్టిపడే తీరును మార్చే మాట నిజమే. నీటిలో నిలిచే బలం మాత్రం కాల్చిన మట్టి పొడి నుంచే వచ్చింది. రహస్యం అయితే ఎక్కడా పోలేదు. భారత ప్రమాణాల సంస్థ సుర్కీకి ఐ.ఎస్. 1344 అనే ప్రమాణం పెట్టింది. 2023లో కాల్చిన మట్టి, సున్నపురాయి కలిపిన సిమెంటుకు ఐ.ఎస్. 18189 వచ్చింది. ప్రమాణం అంటే పరీక్షలు, కొలతలు, ఎవరైనా తిరిగి చేసి చూసుకోగల పద్ధతి.

ఇంతమాత్రాన పాతదాన్ని పొడి చేసి వాడటం ఎప్పుడూ గొప్పే అనుకోనక్కరలేదు. అమరావతి సంగతి చూడండి. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తూ ఉండగా స్తూపపు దిబ్బను తవ్వారు. కాలిన్ మెకంజీ 1797లో చూసి వెళ్ళి, 1816లో బొమ్మలు గీసేవాళ్ళతో తిరిగి వచ్చేసరికి చాలా భాగం పోయింది. పలకలు కొన్ని కొత్త కట్టడాల్లోకి చేరాయి, కొన్ని సున్నం బట్టీలోకి పోయాయి. ఆ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీద, కాలిస్తే సున్నం వస్తుంది. అంతే వాటి విలువ అనుకున్నారు. నేను పనిచేసిన రక్షణ లెక్కల శాఖలో చిరిగిన గుడారాన్ని వ్యర్థం అనడానికి కూడా ఒక బోర్డు కూర్చోవాలి, సంతకాలు పెట్టాలి. అమరావతి పలకలకు ఆ మాత్రం విచారణ కూడా దక్కలేదు. పాత రాయి కొత్త ఇంట్లో పెడితే అరిష్టమని అప్పుడు ఏ పండితుడైనా గట్టిగా అడ్డుపడి ఉంటే, ఆ ఒక్కసారికి మూఢనమ్మకం మనకు మేలు చేసి ఉండేది!

చండీగఢ్ లో దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది జరిగింది. కొత్త రాజధాని కోసం పాత పల్లెలను పడగొడుతున్న రోజుల్లో నేక్ చంద్ అనే ప్రభుత్వ రోడ్డు ఇన్స్పెక్టరు పగిలిన పింగాణీ, గాజులు, టైల్స్ ఏరుకొచ్చి, ప్రభుత్వ అటవీ భూమిలో ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి ఒక తోట కట్టాడు. ఆడిట్ దృష్టితో చూస్తే మొదటి నుంచి చివరి దాకా అభ్యంతరాలే. దాన్ని 1976లో జనానికి తెరిచారు.

ఇక నేటి టైల్స్. 'పర్యావరణ హితం', 'వ్యర్థాల నుంచి తయారీ' అని దుకాణాల్లో బోర్డులు కనిపిస్తున్నాయి. పండితుడిని అడిగిన ప్రశ్నలే వీళ్ళనూ అడగాలి. నేలకు వేసే టైల్ ముడిసరుకు బంకమట్టి, ఫెల్డ్ స్పార్, క్వార్ట్జ్. కాల్చకముందు విరిగినదాన్ని నీటిలో నానబెట్టి మళ్ళీ కలుపుకోవడం ప్రతి ఫ్యాక్టరీ చేసే మామూలు పని, అందులో గొప్పేమీ లేదు. కాలిన టైల్ ను తిరిగి పొడి చేయాలంటే కరెంటు కావాలి. థర్మల్ కేంద్రాల బూడిదలో సిలికా, అల్యూమినా ఉన్నాయి, కానీ దానిలోని ఇనుము వల్ల రంగు మారుతుంది, కాలకుండా మిగిలిన బొగ్గు వల్ల టైల్ ఉబ్బుతుంది. పగిలిన గాజు పొడి మాత్రం తక్కువ వేడిలోనే కరిగి, ఫెల్డ్ స్పార్ చేసే పనిలో కొంత తాను చేస్తుంది. ఈ తేడా ముఖ్యం. ఎందుకంటే విట్రిఫైడ్ టైల్ ను సుమారు 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, ఇంధనం ఎక్కువగా అక్కడే ఖర్చవుతుంది. వ్యర్థం కలిపినందువల్ల బట్టీ వేడి తగ్గకపోతే మట్టి తవ్వకం తగ్గుతుందే గాని గ్యాసు మిగలదు. టైల్స్ కు పేరుపడ్డ గుజరాత్ లోని మోర్బీలో బొగ్గు గ్యాసిఫైయర్లు గాలిని, నీటిని పాడుచేస్తున్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో వాటిని మూయించింది. అక్కడ తప్పు మట్టిది కాదు, పొయ్యిది.

కాబట్టి వ్యర్థం ఎంత శాతం, ఏ వ్యర్థం, బట్టీ వేడి ఎంత తగ్గింది, ఇంధనం ఏమిటి అని అడగండి. టైల్ ఐ.ఎస్. 15622 పరీక్షలు నెగ్గిందా అని కూడా. నీరు పీల్చడం, విరిగే బలం కొలిచే ఆ పరీక్షలకు అది పాత పెంకుతో చేసిందా, కొత్త మట్టితో చేసిందా అన్న పట్టింపు లేదు.

ఇంకొక ఖర్చు ఏ బ్రోషర్ లోనూ కనిపించదు. కాలిన టైల్ ను, క్వార్ట్జ్ ను పొడిగా రుబ్బితే కంటికి కనిపించనంత సన్నని సిలికా ధూళి లేస్తుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాడి ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. అదే సిలికోసిస్, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దాన్ని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో పెట్టింది. నీళ్ళు కలిపి రుబ్బితే, ధూళిని పుట్టిన చోటే యంత్రంతో లాగేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. రెండింటికీ డబ్బు ఖర్చవుతుంది. చౌకగా పెంకులు పొడి కొట్టించే చిన్న యూనిట్లలో ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేసే మనిషికి ఆ తువ్వాలు ఈ ధూళిని ఆపదు.