ఇంటివాడికి వాటా లేని ఆట

టెక్సస్‌లోని ప్లేనో ఇళ్ళకు బేస్‌మెంట్లు ఉండవు. ఇక్కడి నేల మన నల్లరేగడికి తోబుట్టువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. వేరే రాష్ట్రాల్లో నేల కింద ఉండే గది ఇక్కడ మేడెక్కింది. బిల్డర్లు దాన్ని గేమ్ రూమ్ అంటారు. ఉత్తర డాలస్ తెలుగువాళ్ళ పేకాట చాలామటుకు ఆ గదుల్లోనే సాగింది. కింద వంటింట్లో అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, హాల్లో పిల్లల గోల. పైన ఎనిమిది మంది, పెట్టెలో ఐదొందల చిప్స్, మనిషికి 20 డాలర్లు. తెల్లవారుజామున లెక్క చూసుకుంటే పోయింది ఒకడిది, వచ్చింది ఇంకొకడికి. గది దాటి ఒక్క డాలరు బయటికి పోయేది కాదు. ఇంటాయనకు దక్కేది ఖాళీ ట్రేలు కడిగే పని మాత్రమే.

మేం మొదట ఆడింది పోకర్ కాదు. తొంభైల చివర వై2కే పనుల మీద ప్లేనోలోని ఈడీఎస్ కంపెనీకీ, పక్కన రిచర్డ్‌సన్ టెలికాం కంపెనీలకూ వచ్చినవాళ్ళు రమ్మీని వెంట తెచ్చుకున్నారు. రెండు పేకలు, పదమూడు ముక్కలు, జోకరు, ఫుల్ కౌంట్ 80. పెళ్ళి విడిదిలో, రైలు బెర్తు మీద పరిచిన తువ్వాలు మీద నేర్చుకున్న ఆట అది. అద్దె అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద దుప్పటి పరిచి అదే కొనసాగించారు. పోకర్ టీవీలో చూసి ఎక్కింది. మూడు ముక్కలాట వచ్చినవాడికి జత, కలర్, సీక్వెన్సు ఎలాగూ తెలుసు. కొత్తగా నేర్చుకోవలసింది బల్ల మీద పరిచే ఐదు ముక్కలు అందరివీ అన్న ఒక్క సంగతే.

తీరా చూస్తే ఆ ఆటకు ఇదే పుట్టిల్లు. దక్షిణ టెక్సస్‌లోని రాబ్స్‌టౌన్ టెక్సస్ హోల్డెమ్‌కు జన్మస్థలమని 2007లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. డాయిల్ బ్రన్సన్, అమరిల్లో స్లిమ్, సెయిలర్ రాబర్ట్స్ యాభైల్లో, అరవైల్లో కారేసుకుని టెక్సస్ ఊళ్ళన్నీ తిరిగి వెనక గదుల్లో ఆడారు. ఒకవైపు పోలీసుల భయం, ఇంకోవైపు దొంగల భయం. బెన్నీ బినియన్ 1904లో పైలట్ గ్రోవ్‌లో పుట్టాడు. ఆ పల్లె మా కాలిన్ కౌంటీని ఆనుకున్న గ్రేసన్ కౌంటీలోదే. అతను డాలస్‌లో జూదం నడిపి, 1946లో షెరిఫ్ ఎన్నిక ఫలితం ఎదురుతిరిగాక లాస్ వేగాస్ చేరాడు. 1951లో హార్స్‌షూ కసీనో తెరిచాడు. 1970లో అక్కడే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలైంది. టెక్సస్‌లో చాటుమాటుగా ఆడిన ఆట నెవాడాలో లైసెన్సు తగిలించుకుని దీపాల కిందికొచ్చింది.

టెక్సస్ చట్టం మాత్రం అలాగే ఉంది. శిక్షాస్మృతి 47వ అధ్యాయం ప్రకారం డబ్బు పెట్టి పేకాడటం నేరమే. అయితే మూడు సంగతులు చూపించగలిగితే నిర్దోషి. ఆడింది నలుగురూ రాగల చోటు కాకూడదు. గెలుపు సొమ్ము తప్ప ఎవరికీ వేరే లాభం ముట్టకూడదు. నేర్పూ అదృష్టమూ పక్కన పెడితే గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ లాంటి ఉమ్మడి జాగా సొంత చోటు కిందికి రాదని చట్టం విడిగా చెప్పింది. ఇంట్లో దుప్పటి పరిస్తే తప్పు లేని ఆటే, పది గజాల అవతల క్లబ్‌హౌస్ బల్ల మీదికి మారితే తప్పవుతుంది. ఇంటాయన ప్రతి ఆటకూ ఒక డాలరు తీసుకున్నాడంటే అతను జూదగృహం నడిపినట్టే. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా.

ఆటకూ, ఆట మీద లాభానికీ మధ్య ఉన్న ఈ గీతను మనవాళ్ళు సికింద్రాబాద్‌లో ఎప్పుడో చూశారు. 1963లో పోలీసులు అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట ఉత్త అదృష్టమేననీ, రమ్మీలో ఏ ముక్క పడింది, ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి అని గుర్తు పెట్టుకునే నేర్పు ముఖ్యమనీ అన్నారు. నిందితులు బయటపడ్డారు. తర్వాత వచ్చిన ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ ఈ ముక్కను పట్టుకునే ఎదిగాయి. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పందెం కాసి ఆడే ఆట మీద క్లబ్ యజమాని లాభం చేసుకుంటున్నట్టు తేలితే నేరం నిలబడవచ్చు. ఆ మాట ఎవరికీ పట్టలేదు. నా దృష్టిలో తీర్పులో ముఖ్యమైన ముక్క అదే.

మళ్ళీ పోకర్ దగ్గరికొస్తే, డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ ప్లానెట్ పోకర్ అనే సైట్‌లో 1998 జనవరి 1న మొదలైంది. అసలు ఊపు వచ్చింది 2003లో. టెన్నెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీకి వెళ్ళాడు. 838 మందిని దాటి 25 లక్షల డాలర్లు తెచ్చుకున్నాడు. మూడేళ్ళకు ఆ పోటీలో ఆడినవాళ్ళు 8,773 మంది. క్యూబికిల్‌లో కూర్చుని పనిచేసే ప్రతివాడికీ మనీమేకర్ తనలాంటివాడే అనిపించాడు. మా గేమ్ రూముల్లోకి చిప్స్ పెట్టె వచ్చింది ఆ రోజుల్లోనే. ఆట అయ్యాక ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్‌లో మళ్ళీ ఆడటమూ అప్పుడే మొదలైంది.

2006 అక్టోబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ జూదానికి బ్యాంకు దారులు మూసే చట్టం తెచ్చింది. 2011 ఏప్రిల్ 15న న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు మూడు పెద్ద సైట్ల మీద కేసులు పెట్టారు. అమెరికా పోకర్ ఆటగాళ్ళు ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్ దగ్గర ఆటగాళ్ళకు చెల్లించేటంత డబ్బు లేదని బయటపడింది. ఆ డబ్బు తిరిగి రావడం మొదలయ్యేసరికి 2014 వచ్చింది. 2013 చివరికి నెవాడా, న్యూజెర్సీ, డెలావేర్ సొంతంగా లైసెన్సులిచ్చాయి. టెక్సస్ ఇవ్వలేదు. డబ్బు పెట్టి కసీనోలో ఆడాలంటే ప్లేనోవాళ్ళు హైవే 75 మీద రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలోని డ్యురాంట్ పోవాలి. లేదా డాలస్‌లో గంటకింత కుర్చీ అద్దె తీసుకునే సభ్యుల క్లబ్బులున్నాయి. ఆ అద్దె లాభమా కాదా అన్న వాదన కోర్టులకెక్కింది.

2020 మార్చిలో కరోనా గేమ్ రూముల తలుపులు మూసింది. మేమూ ఫోన్లు పట్టుకున్నాం. ఒక కిటికీలో పేకలు, ఇంకో కిటికీలో జూమ్. ఎక్సెల్ షీటులో లెక్క, జెల్‌లో చెల్లింపు. మొదటి నెలలు హాయిగానే గడిచాయి. మాలో ఒక తమ్ముడు వరసగా ఓడుతున్న రాత్రి నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. అదే గేమ్ రూములో అయితే మొహం ఎర్రబడటం, నీళ్ళ సీసా పట్టుకున్న చెయ్యి వణకటం అందరికీ కనబడేది. పెద్దాయన ఒకరు లేచి, "ఇవాళ్టికి చాలు తమ్ముడూ, పద, బిర్యానీ చల్లారుతోంది" అని భుజం మీద చెయ్యేసేవారు. ఆ రాత్రి అతను కెమెరా ఆపేశాడు. తెర మీద నల్లటి పెట్టెలో పేరొక్కటే మిగిలింది. ఇంకో 20, ఇంకో 40 అని డబ్బు పెడుతూనే పోయాడు. మేం చూస్తూనే ఉన్నాం, చూడలేదు.

అతను తర్వాత మా గుంపు వదిలి క్లబ్ యాప్‌లకు పోయాడు. అవి ఉత్త ఆట చిప్సేనని కంపెనీ అంటుంది. వాటికి డాలర్ల లెక్క కట్టేది మధ్యలో ఏజెంటు. ప్రతి పాట్ నుంచీ కొంత కోత. లెక్క వేసి చూడండి. పాట్ సగటున 20 డాలర్లు, కోత 5 శాతం అనుకుందాం. ఆటకు ఒక డాలరు. బల్ల దగ్గర చేత్తో పంచితే గంటకు పాతిక ఆటలు పడతాయి, ఫోన్లో 70 దాకా. పదిమంది తలా 20 తెచ్చి కూర్చుంటే ఉన్నది 200 డాలర్లు. ఫోన్లో మూడు గంటలు తిరక్కుండానే అంతా కోతకే పోతుంది. ఎంత నేర్పున్నా అందరూ కలిసి గెలుచుకోవడానికి ఏమీ మిగలదు. ఒకేసారి నాలుగు బల్లల మీద ఆడేవాడి సంగతి చెప్పక్కర్లేదు.

అక్కడ మన ఊళ్ళలోనూ ఇదే కథ రమ్మీ యాప్‌లతో నడిచింది. అప్పులు, ఆత్మహత్యల వార్తలు పేపర్లకెక్కాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నేర్పు ఆట అన్న మినహాయింపు తీసేసి ఆన్‌లైన్ పందేలు నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆడినవాడికి శిక్ష లేదు, ఆడించినవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాణ్ణి వదిలి ఆడించేవాణ్ణి పట్టుకోవడం సరైన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గేమ్ రూములు మళ్ళీ తెరుచుకున్నాయి గానీ మునుపటంత నిండటం లేదు. చిప్స్ పెట్టె అటక మీద ఉన్నవాళ్ళు దాన్ని కిందికి దించండి. మనిషికి 20 డాలర్లకు మించనివ్వకండి. రాని తమ్ముడికి మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసి పిలవండి. అతను అప్పుల్లో ఉన్నాడని తెలిస్తే ఈ నంబరు ఇవ్వండి: 1-800-426-2537. జూదం సమస్యలకు అమెరికా అంతటా పనిచేసే సహాయ నంబరు అది. డబ్బు తీసుకోరు.