దిద్దుబాటు ఎప్పుడు? – ఉమ్మడి రచనలో రూపశుద్ధి

ములకలపల్లి మండలం 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. పలువురు కలిసి రాసే అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఈ వివరాన్ని సవరిస్తే, పాత కొత్త ప్రతుల పోలికలో జిల్లా పేరున్న వాక్యం ఒక్కటే కనబడాలి. సవరించినవారు దానితోపాటు ఖాళీలు సర్ది, పేరాలు విడదీసి ఉంటే అసలు మార్పు ఆ గుంపులో మరుగున పడుతుంది.

గ్రంథపరిష్కరణలో ఇది పాత చిక్కే. సి.పి.బ్రౌన్ పండితులచేత అనేక ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. శుద్ధప్రతిలో లేఖకుని చేతి గుర్తు మిగలదు. మూలప్రతులు కూడా నిలిచినప్పుడే పరిష్కర్త ఏమి మార్చాడో చెప్పగలం.

సాఫ్ట్‌వేర్ రచయితలకు ఇదే సమస్య ఎదురయింది. 2009లో వెలువడిన గో భాషతోపాటే గోఎఫ్ఎంటీ అనే దిద్దుబాటు సాధనం వచ్చింది. తరువాత ప్రెట్టియర్ (2017), బ్లాక్ (2018) ఇతర భాషలకు ఆ పద్ధతిని విస్తరింపజేశాయి. గిట్‌లో మార్పును నమోదు చేసేముందు దానంతటదే నడిచే ప్రీ-కమిట్ హుక్‌కు ఈ సాధనాన్ని తగిలిస్తారు. అయితే రచయిత కావాలనుకుంటే హుక్‌ను దాటవేయగలడు. కనుక ఉమ్మడి నిల్వలో చేరేచోట మరొక తనిఖీ పెడతారు.

పాత ప్రాజెక్టును ఒక్కసారిగా దిద్దితే మాత్రం నష్టం ఉంది. మారిన ప్రతి పంక్తికీ కర్తగా దిద్దినవాని పేరే కనబడుతుంది. అటువంటి నమోదులను కర్తృత్వ విచారణలో పక్కన పెట్టే వీలును గిట్ 2.23 (2019 ఆగస్టు) కల్పించింది. ఆలస్యంగా దిద్దడం చరిత్రను చెరుపుతుందన్న ఒప్పుకోలుగానే దీనిని చూడవలసి ఉన్నది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. ‘హైదరాబాదు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంతో రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. కంటికి భేదం లేదు, యంత్రానికి మాత్రం రెండూ వేరు మాటలు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమని నిర్ణయించింది. వికీపీడియాను నడిపే మీడియావికీ, పాఠాన్ని భద్రపరచేముందే ఏకసంకేత రూపానికి తెస్తుంది. అందువల్ల పేజీ చరిత్రలో ఈ దిద్దుబాటు వేరే మార్పుగా నమోదు కాదు. ఏ రచయిత నిర్ణయమూ ఇందులో చెరగడం లేదు గనుకనే ఇది సమంజసమని నా అభిప్రాయం.

హద్దు ఇక్కడే. ‘సాఫ్ట్‌వేర్’, ‘సాఫ్ట్వేర్’ అనే రెండు రూపాల నడుమ ఉన్న భేదం కంటికి కనబడని ఒక విభజక సంకేతం. దానిని యంత్రం తొలగిస్తే రాసినవారు ఎంచుకున్న రూపమే మారుతుంది. అరసున్నను కేవల రూపభేదమనుకుని తీసివేసే సాధనాన్ని ఊహించండి: ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య.