గ్రూప్ ప్రాజెక్టులో 'అన్నీ నాకే వచ్చు' అనేవాళ్లు ఎమ్మిగనూరు మగ్గం చూడాలి

కాలేజీలో గ్రూప్ ప్రాజెక్ట్ ఇస్తే ఏమవుతుంది? ఐదుగురిలో ఒకరికి అన్నీ వచ్చు. ఇద్దరికి కొంచెం వచ్చు. మిగతా ఇద్దరికి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు. చివరికి వచ్చినోడు ఒక్కడే రాత్రంతా కూర్చుని చేసేస్తాడు. వైవాలో సార్ అడిగితే మిగతావాళ్లు దిక్కులు చూస్తారు.

ఇది కొత్త సమస్యేం కాదు. మన కర్నూలు జిల్లా పడమటి వైపు వెళ్దాం పదండి. ఆదోని అంటే పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. 1953 దాకా ఈ రెండూ బళ్లారి జిల్లాలోనే ఉండేవి.

చీర ఒక్కడు నేస్తాడనుకుంటాం. కాదు. కండెలు చుట్టేది ఒకరు, ఆసు పోసేది ఇంకొకరు. తెల్లారుజామున వీధిలో పడుగు చాపి గంజి పెట్టాలంటే నలుగురైదుగురు కావాలి. ఒక్కచోట గంజి సరిగా పట్టకపోయినా మగ్గం మీద పోగు తెగుతుంది. ఎంత పనిమంతుడైనా ఆగి అతుక్కోవాల్సిందే. అంటే పక్కవాడికి పని రాకపోతే నష్టం మనకే. అందుకే పిల్లలకు మొదట కండెల పని ఇచ్చి, చూస్తూ చూస్తూ నేర్చుకున్నాకే మగ్గం ఎక్కించేవాళ్లు.

కానీ ఇంకో తేడా ఉండేది. నూలు ధర ఎంత, గుడ్డ ఎక్కడ అమ్ముడుపోతుంది అన్నది షావుకారుకే తెలుసు. నేసేవాడికి తెలిసింది తన మజూరీ ఒక్కటే. తెలిసినవాడిదే పెత్తనం.

1938లో మాచాని సోమప్ప గారి చొరవతో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం పుట్టింది. నూలు తేవడం, గుడ్డ అమ్మడం సంఘం పని. నేయడం సభ్యుల పని. సహకార పద్ధతిలో నేర్పు ఎక్కువున్నా తక్కువున్నా మనిషికి ఓటు ఒక్కటే. అందరికీ అన్నీ రాకపోవచ్చు, మాట మాత్రం అందరికీ ఉంటుంది.

ఇందులో లోటు లేదా? ఉంది. మజూరీ నేసిన గుడ్డకు కడతారు; ఇంట్లో కండెలు చుట్టిన అమ్మ, అవ్వ పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

కాబట్టి ఈసారి ప్రాజెక్టులో రానివాళ్లకు చిన్న పనే ఇవ్వండి, కానీ అది లేకపోతే మొత్తం ఆగిపోయే పని ఇవ్వండి. పక్కన కూర్చోబెట్టుకుని మీరేం చేస్తున్నారో చెప్పండి. మొదటి పేజీలో వాళ్లేం చేశారో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!