మన సమందర్ పేరు బందరు

బందర్ అనేది ఫార్సీ లఫ్జ్. ఓడలు ఆగే రేవు అని మానీ. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, మనకు మచిలీబందర్ ఉంది. బోర్డుల మీద మచిలీపట్నం అని రాసినా కృష్ణా జిల్లా జనం నోట ఇప్పటికీ బందరే. లడ్డూ కూడా బందరు లడ్డూనే.

ఈ గర్మీ సెలవుల్లో మా ఖాందాన్ అంతా వ్యాన్ మాట్లాడుకుని చేగుంట నుంచి అక్కడికి పోయాం. ఊరి పేరులోనే కుంట ఉన్నవాళ్లం, సమందర్ అంటే పరాయి ఇలాఖా సంగతి అనుకుంటాం. హైదరాబాద్ దాటాక పట్టుకున్న 65వ నంబర్ హైవే బందరులోనే ఖతం అవుతుంది. గోల్కొండ జమానాలో వజ్రాల తాజిర్లు, కలంకారీ బట్టల మూటలు ఈ రెండు షహర్‌ల మధ్యే తిరిగేవి.

మంగినపూడి తీరం ఊరికి 11 కిలోమీటర్లు. ఇసుక నల్లగా, బంకగా ఉంటుంది. లోపలికి చాలా దూరం నడిచినా నీళ్లు మోకాలు దాటవు, అందుకే పిల్లల గురించి ఫికర్ తక్కువ. అమ్మీ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని నిలబడి, "హజ్‌కు పోయేటోళ్లు ఇక్కడికెల్లేనా బేటా పోయింది?" అని అడిగింది. అవును. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి జహాజ్‌లు ఎర్ర సముద్రంలో మోఖా దాకా వెళ్లేవి, హాజీలు వాటిలోనే ఎక్కేవారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ దిగారు. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా ఇదే బందరుకు హవల్దార్‌గా చేసి, సొంత జహాజ్‌లు నడిపి, గోల్కొండలో పెద్ద ఓహ్దాకు చేరాడు.

మరి మన చేతిలోంచి ఎట్లా పోయింది? మనవాళ్లు సగం మంది "అంగ్రేజులు గుంజుకున్నారు" అంటారు. అది సగం సచ్. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట కిలా మీద పడి గెలిచాడు. ఫ్రెంచివాళ్లకు మదద్‌గా సలాబత్ జంగ్ పెద్ద ఫౌజ్‌తో దగ్గరికే వచ్చి ఉన్నాడు. కిలా పోగానే మనసు మార్చుకుని, మే 14న అంగ్రేజులతోనే సుల్హ్ చేసుకున్నాడు. తీరం వెంబడి 80 మైళ్లు, లోపలికి 20 మైళ్లు రాసిచ్చాడు. ఇది దోచుకోవడం కాదు, దస్తఖత్ పెట్టి ఇవ్వడం. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులకు ఒప్పుకున్నాడు. 1788లో గుంటూరు కూడా పోయాక ఆసఫ్‌జాహీ హుకూమత్‌కు జానెడు తీరం మిగల్లేదు. ఇంత పెద్ద రియాసత్, సొంత రేవు ఒక్కటి లేదు!

అంగ్రేజుల చేతిలోనూ బందరు బాగుపడలేదు. తీరంలో లోతు తక్కువ, పెద్ద ఓడలు దూరంగా ఆగాల్సిందే. పిల్లలకు మంచిదైన ఆ లోతు లేని నీళ్లే తిజారత్‌కు ముసీబత్. పైగా మద్రాసు పెరిగింది. 1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన తుఫాను ఉప్పెనలో దాదాపు 30,000 జానాలు పోయాయి.

జుహర్ తర్వాత ఎండ మండిపోతుంటే వ్యాన్ ఎక్కాం. ఆ పక్కనే తపసిపూడి దగ్గర 2023 మేలో కొత్త పోర్టు పనులు షురూ అయ్యాయి. ఆ సంగతి చెబితే అమ్మీ, "జిద్దాకు ఓడ వేస్తారా?" అంది. బొగ్గు, సరుకులు పోతాయి అమ్మీ, ముసాఫిర్‌ల ముచ్చట ఎవరూ ఎత్తడం లేదు అన్నాను.